పాప్‌కార్న్: గింజ ఎండిపోకుండా, పేలినవి మెత్తబడకుండా నిల్వ ఎలా చేయాలి?

వానలు మొదలైతే చాలు, అందరూ అడిగేది ఒకటే: "సాయంత్రం వేయించిన పాప్‌కార్న్ పొద్దుటికి మెత్తబడిపోతోంది, ఏం చేయాలి?" ఎండలు ముదిరాక ప్రశ్న మారుతుంది: "సంక్రాంతికి బ్రహ్మాండంగా పేలిన గింజలే ఇప్పుడు సగం అడుగునే ఉండిపోతున్నాయి, కొట్టువాడు మోసం చేశాడా?" కొట్టువాడి తప్పేమీ ఉండకపోవచ్చు. రెండు కష్టాలకూ కారణం చెమ్మే. మొదటిదానికి చెమ్మ ఎక్కువవడం, రెండోదానికి తక్కువవడం.

గింజలో ఉన్న చెమ్మ బయటికి పోకూడదు. పేలినదానిలోకి బయటి చెమ్మ రాకూడదు. ఈ రెండింటినీ ఒకే పద్ధతిలో దాచబోవడం వల్లే చాలా ఇళ్లలో రెండూ పాడవుతున్నాయి.

ఇక్కడ అవసరమైన శాస్త్రం కాస్తే. గింజ బరువులో సుమారు 14 శాతం నీరు ఉన్నప్పుడు పాప్‌కార్న్ బాగా పేలుతుంది. గింజ 180 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కేసరికి ఆ నీరు ఆవిరై, గట్టి పొట్టును లోపలి నుంచి నెట్టి బద్దలు కొడుతుంది. బాగా పేలి ఆరిన పాప్‌కార్న్‌లో మిగిలే నీరు ఒకటి రెండు శాతమే. అది మూడు దాటితే కరకర తగ్గి, పంటి కింద సాగడం మొదలవుతుంది.

తిరుపతిలో ఈ రెండు ప్రమాదాలూ ఏడాదిలో వంతులవారీగా వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు, మూతి విప్పిన ప్యాకెట్టులో గింజ ఎండిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో, బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే, పళ్లెంలో పోసిన పాప్‌కార్న్ తినేలోపే నీరసపడుతుంది. పలమనేరు, కుప్పం వైపు ఉన్నవారికి ఎండల బాధ కాస్త తక్కువ. వానల బాధ మాత్రం అందరిదీ.

కావలసినవి

- గింజలకు: బిగుతైన మరమూత ఉన్న గాజు సీసా, లేదా మందపాటి ప్లాస్టిక్ డబ్బా. కిలో గింజలకు లీటరున్నర సీసా సరిపోతుంది.
- పేలినవాటికి: మూతకు రబ్బరు వలయం ఉన్న డబ్బాలు, పెద్దది ఒకటి కాకుండా చిన్నవి మూడు నాలుగు. జిప్ కవర్లు ఉంటే ఇంకా మంచిది.
- అడుగు మందంగా ఉన్న గిన్నె లేదా బాణలి, సరిగ్గా కూర్చునే మూత.
- శుభ్రమైన నూలు గుడ్డ, వెడల్పాటి పళ్లెం లేదా తాంబాళం.
- నూనె, మెత్తని పొడి ఉప్పు.
- ఎండిన గింజలకు ప్రాణం పోయడానికి ఒక పెద్ద చెంచా నీళ్లు.

వంటగది తూకం ఉంటే బాగుంటుంది. లేకపోయినా పని ఆగదు.

మొదటి భాగం: గింజలు

1. సరైన గింజలు కొనండి. పశువులకు, కోళ్లకు దాణాగా అమ్మే మొక్కజొన్న పాప్‌కార్న్‌లా పేలదు. రోడ్డు పక్కన కాల్చి అమ్మే కండెల గింజలను ఎంత ఎండబెట్టినా పేలవు. పాప్‌కార్న్ వేరే రకం, దాని పొట్టు గట్టిది, ఆవిరిని చివరిదాకా పట్టి ఉంచుతుంది. చిల్లరగా కొంటుంటే గుప్పెడు అరచేతిలో పోసుకుని చూడండి. గింజలు నిగనిగలాడాలి, ముక్కలు, పగుళ్లు ఉండకూడదు. పగిలిన గింజలో ఆవిరి నిలవదు, అది పేలదు.

   హెచ్చరిక: విత్తనాల దుకాణంలో దొరికే గింజలను, ముఖ్యంగా గులాబీ రంగో ఎరుపో పులిమినట్టున్నవాటిని, వంటింట్లోకి తేకండి. అవి పురుగుమందో తెగులుమందో పట్టించినవి. కడిగినా పనికిరావు.

2. ఇంటికి తెచ్చిన రోజే సీసాలోకి మార్చండి. కొట్టులో కట్టిచ్చే పల్చటి కవరు గాలిని పూర్తిగా ఆపదు. దానికి రబ్బరు బ్యాండు వేసి అరలో పెడితే రెండు నెలల్లో తేడా తెలిసిపోతుంది. సీసాను ముందురోజే కడిగి బోర్లించి, లోపల తడి చుక్క లేకుండా చూసుకోండి. గింజలను మెడదాకా నింపండి. పైన ఖాళీ ఎంత తక్కువైతే అంత మేలు.

3. సీసాను స్టవ్ పక్కన, కిటికీలో, ఫ్రిజ్ మీద పెట్టకండి. ఫ్రిజ్ పైభాగం చాలామందికి ఇష్టమైన చోటు, కానీ అక్కడ వేడి ఎప్పుడూ ఉంటుంది. గోడ అలమరలో కింది అర మంచిది. ఫ్రిజ్ లోపల పెట్టవచ్చా అని అడుగుతారు. మూత నిజంగా బిగుతైతే పాడవదు కానీ లాభమూ లేదు. మూత వదులైతే ఫ్రిజ్‌లోని పొడిగాలి గింజను పీల్చేస్తుంది.

4. ఎండబెట్టకండి. ఇది మాత్రం గట్టిగా చెప్పాలి. మే నెల వస్తే మన ఇళ్లలో కందిపప్పు, చింతపండు, మిరపకాయలు అన్నీ మిద్దె ఎక్కుతాయి. పాత అలవాటు కొద్దీ పాప్‌కార్న్ గింజలనూ అదే చాప మీద పోస్తారు. పురుగు పట్టకూడదన్న ఉద్దేశం మంచిదే, పప్పులకు ఆ పద్ధతి సరైనదే. పాప్‌కార్న్ గింజకు మాత్రం లోపలి నీరే ప్రాణం, ఒక్కరోజు గట్టి ఎండ చాలు దాన్ని దెబ్బతీయడానికి. ఇదే కారణంతో గింజల సీసాలో చెమ్మ లాగే సిలికా జెల్ పొట్లాలూ వేయకండి. అవి పేలినవాటికి మిత్రులు, గింజలకు శత్రువులు.

5. పురుగు భయం ఉంటే ఈ మార్గం: గింజలను గాలి చొరని కవరులో పోసి, గాలి నొక్కి తీసి, ఫ్రీజర్‌లో నాలుగు రోజులు ఉంచండి. ముక్కపురుగు గుడ్లు ఉన్నా చస్తాయి. బయటికి తీశాక కవరు వెంటనే విప్పకండి. అది గది వేడికి వచ్చేదాకా, అంటే పూటంతా, అలాగే వదిలేయండి. చల్లగా ఉండగానే విప్పితే గింజల మీద నీటి ముత్యాలు పడతాయి, ఆ తడితో సీసాలో పోస్తే బూజు ఖాయం. ఎండుమిరపకాయలు, వేపాకు వేసే అలవాటున్నవారు మానక్కర్లేదు కానీ, పచ్చి వేపాకు అసలు వద్దు. అందులో నీరు ఉంటుంది.

ఇలా దాచిన గింజలు ఏడాది దాటినా బాగా పేలుతాయి.

గింజ ఆరోగ్యం తేల్చే పరీక్ష

లెక్కపెట్టి 100 గింజలు తీసుకోండి. ఒక చెంచా నూనెతో మామూలుగా వేయించి, పేలనివెన్నో చూడండి. ఐదారు మిగిలితే చింత లేదు, కొత్త ప్యాకెట్టులోనూ ఆ మాత్రం ఉంటాయి. పదిహేను దాటితే గింజ ఎండిందనుకోవచ్చు.

ఎన్ని మిగిలాయన్నదానితో పాటు ఎలా మిగిలాయన్నదీ చూడండి. రోగం అక్కడే తెలుస్తుంది. గింజ గుండ్రంగా, పగలకుండా, రంగు కాస్త ముదిరి మిగిలితే అది ఎండిన గింజ. పేలినా చిన్నగా, గట్టిగా ఉండి, మూత తీయగానే బోలెడంత ఆవిరి కొడితే గింజలో తడి ఎక్కువైంది. పైన నల్లబడి లోపల పేలకపోతే తప్పు గింజది కాదు, మంటది.

ఎండిన గింజను బాగుచేయడం

6. మూడు కప్పుల గింజలకు, అంటే సుమారు 600 గ్రాములకు, ఒక పెద్ద చెంచా నీళ్లు. 15 మిల్లీలీటర్లు, అంతకు మించి వద్దు. గింజలతో ముప్పాతిక వంతు నిండిన సీసాలో నీళ్లు పోసి, మూత బిగించి, అటూ ఇటూ గట్టిగా కుదపండి. ఐదు పది నిమిషాలకోసారి కుదుపుతూ ఉండండి. మొదట గింజలు ఒకదానికొకటి అంటుకుని గాజుకు పట్టుకుంటాయి. అరగంట గడిచేసరికి నీళ్లు ఇంకిపోయి, మళ్లీ గలగలమంటూ దొర్లుతాయి. ఆ గలగల వినబడేదాకా కుదపడం మానకూడదు.

7. తర్వాత సీసాను చల్లటి చోట మూడు రోజులు కదపకుండా ఉంచండి. నీరు పొట్టు దాటి లోపలికి చేరడానికి ఆ సమయం కావాలి. తొందరపడి అదే సాయంత్రం వేయిస్తే పైపొట్టు మాత్రమే తడిసి ఉంటుంది, నూనెలో చిటపటలు తప్ప ఫలితం ఉండదు.

8. మూడోనాడు మళ్లీ 100 గింజల పరీక్ష. మెరుగైనా చాలలేదనిపిస్తే ఇంకో అర చెంచా నీళ్లు, ఇంకో రెండు రోజులు. ఆ పైన కూడా మారకపోతే గింజ పొట్టు దెబ్బతిన్నదని అర్థం. మరపట్టించి సంకటిలోనో రొట్టెలోనో వాడేయండి.

హెచ్చరిక: గింజలను నీళ్లలో నానబెట్టడం ఇందుకు ప్రత్యామ్నాయం కాదు. ముక్క వాసన, పచ్చటి లేదా బూడిదరంగు బూజు కనబడితే, పైవి ఏరేసి మిగతావి వాడదామనుకోకండి. సీసా మొత్తం పారేయాలి. బూజు పట్టిన వేరుశనగల్లో వచ్చే అఫ్లాటాక్సిన్ విషం గురించి మన జిల్లా రైతులకు తెలుసు. మొక్కజొన్న మీదా అదే బూజు పెరుగుతుంది, ఆ విషం వేయించినా పూర్తిగా పోదు.

రెండో భాగం: నిల్వ కోసం వేయించడం

అప్పటికప్పుడు తినడానికి ఎలా వేయించుకున్నా సరే. నాలుగు రోజులు నిలవాలంటే మాత్రం జాగ్రత్త స్టవ్ దగ్గరే మొదలవ్వాలి. లోపల ఆవిరి మిగిలిపోయిన పాప్‌కార్న్‌ను ఎంత ఖరీదైన డబ్బాలో పెట్టినా మెత్తబడుతుంది.

9. అర కప్పు గింజలకు రెండు పెద్ద చెంచాల నూనె. మధ్యస్థ మంట. నూనెలో మూడు గింజలు వేసి మూత పెట్టండి. ఆ మూడూ పేలాక మిగతావి పోయండి. వెన్న వద్దు. వెన్నలో ఆరో వంతు దాకా నీరే. ఆ రుచే కావాలంటే నెయ్యి వాడండి, నెయ్యిలో నీరు దాదాపు ఉండదు. వేరుశనగ నూనె బాగుంటుంది కానీ, అది తాజాదై ఉండాలి. అప్పడాలు కాల్చిన నూనెతో చేస్తే రెండో రోజుకే కనరు వాసన వస్తుంది.

10. పేలడం ఊపందుకున్నాక మూతను వేలెడంత పక్కకు జరపండి. ఆవిరి పోవడానికి దారి కావాలి. గింజలు ఎగిరిపడతాయని మూతను ఒత్తి పట్టుకుంటారు చాలామంది. అలా చేస్తే ఆవిరి నీరై మూత అంచు నుంచి మళ్లీ పాప్‌కార్న్ మీదే కారుతుంది. గాజు మూత అయితే ఇది కళ్లారా కనబడుతుంది. పక్కకు జరపడం భయమైతే రంధ్రాలున్న జల్లెడ మూత వాడండి.

    కుక్కర్‌లో చేసేవారికి ఒక మాట: మూతకు రబ్బరు గాస్కెట్టు, పైన వెయిట్ రెండూ తీసేయాలి. అవి ఉంచి చేయడం ప్రమాదం, పాప్‌కార్న్ కూడా తడిగానే వస్తుంది.

11. ఒక పేలుడుకూ ఇంకో పేలుడుకూ మధ్య రెండు మూడు సెకన్లు వ్యవధి రాగానే మంట ఆర్పి, వెంటనే పళ్లెంలోకి వంపేయండి. వేడి గిన్నెలో వదిలేస్తే అడుగువి మాడతాయి, పైవి ఆవిరికి చెమర్చుతాయి.

12. నూలు గుడ్డ పరిచిన తాంబాళంలో ఒకే వరుసగా పరచండి. ఫ్యాను గాలి తగలాలి, వాన జల్లు గాలి తగలకూడదు. మామూలు రోజుల్లో 20 నిమిషాలు. వానరోజైతే ఆ పద్ధతి పనికిరాదు, ఆరబెట్టడం కాస్తా తడపడం అవుతుంది. అప్పుడు వేయించిన బాణలినే తుడిచి, అతి సన్నని మంట మీద పాప్‌కార్న్‌ను రెండు మూడు నిమిషాలు కలియబెట్టి, చేతికి వెచ్చగా తగిలేదాకా మాత్రమే చల్లార్చండి.

13. పేలని గింజలను ఏరేయండి. పళ్లెం ఒక వైపు ఎత్తి తట్టితే అన్నీ అడుగుకు దొర్లుతాయి. డబ్బాలో అవి ఉంటే పళ్లకు ప్రమాదం. పైగా పాప్‌కార్న్‌ను నలిపి పొడి చేస్తాయి.

14. ఉప్పు, కారం ఇప్పుడు వేయకండి. ఉప్పు గాలిలోని చెమ్మను లాగుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పే కరగడం మొదలవుతుంది, నవంబరు వానల్లో ఆ గీత దాటడం మామూలే. డబ్బాలో సాదాగా దాచి, తినేముందు కలుపుకోండి. ఉప్పు అంటుకోవడం లేదంటారా? అర చెంచా వేడి నెయ్యి చిలకరించి, మిక్సీలో పొడి చేసిన ఉప్పు చల్లండి, అంటుకుంటుంది. ముందే ఉప్పు కలపక తప్పదనుకుంటే, వేయించేటప్పుడు నూనెలోనే పసుపుతో పాటు కలిపేయండి. పైన చల్లినదానికన్నా అది నయం.

మూడో భాగం: డబ్బాలో పెట్టడం

15. వానరోజు బాణలిలో ఆరబెట్టినది తప్ప, మిగతాదేదైనా పూర్తిగా చల్లారాకే మూత. వెచ్చగా ఉండగా మూసిన డబ్బాను పది నిమిషాల తర్వాత తీసి మూత లోపలివైపు వేలితో రాయండి. వేలికి తడి తగిలిందంటే ఆ తడి ఇక లోపలే తిరుగుతుంది. మళ్లీ పరచి ఆరబెట్టి, మూత తుడిచి పెట్టండి.

16. చిన్న డబ్బాల్లో, ఒక్కో పూటకు ఒక్కోటి చొప్పున నింపండి. పెద్ద డబ్బాను రోజుకు నాలుగుసార్లు తీస్తే నాలుగుసార్లు వానగాలి లోపలికి వెళుతుంది. పిల్లలు సెలవుల్లో ఉంటే ఇక ఆ డబ్బా సంగతి చెప్పనవసరం లేదు. జిప్ కవరు వాడుతుంటే గాలి తీయడానికి మరీ నొక్కకండి, పిండి అవుతుంది.

17. మన పిండివంటల స్టీలు డబ్బా పనికొస్తుందా? మురుకులకు, నిప్పట్లకు పనికొస్తుంది, ఎందుకంటే వాటిలో నూనె ఎక్కువ, పదార్థం చిక్కన. పాప్‌కార్న్ అంతా గాలి నిండిన నురుగు లాంటిది, చెమ్మను తాగడంలో బొరుగులకన్నా తొందర. మామూలు స్టీలు మూతలో సందు ఉంటుంది. ఆ డబ్బాయే ఉంటే, పాప్‌కార్న్‌ను ముందు జిప్ కవరులో పెట్టి, కవరును డబ్బాలో పెట్టండి.

18. చెమ్మ లాగే పొట్లం వేయాలంటే, ఆహారానికి వాడవచ్చని రాసి ఉన్న సిలికా జెల్ మాత్రమే తీసుకోండి. చెప్పుల పెట్టెలో, బ్యాగులో వచ్చినవి వద్దు. నీలం రంగు గుళికలున్నవి అసలు వద్దు, ఆ రంగుకు వాడే కోబాల్టు లవణం విషం. పిల్లలు చింపే వీలున్న ఇంట్లో దేన్నీ వేయకపోవడమే మేలు. బదులుగా గుప్పెడు బియ్యాన్ని పొడి బాణలిలో వేడిగా వేపి, చల్లారాక చిన్న నూలు గుడ్డలో మూటకట్టి అడుగున పెట్టవచ్చు. దీని బలం తక్కువ, రెండు మూడు రోజులకోసారి మళ్లీ వేపాలి. వేపని బియ్యం మాత్రం ఎందుకూ కొరగాదు, అందులోనే పన్నెండు శాతానికి పైగా నీరు ఉంటుంది.

ఎన్నాళ్లు నిలుస్తుంది? సాదా పాప్‌కార్న్ మంచి డబ్బాలో వారం రోజులు నిక్షేపంగా ఉంటుంది, పొడి రోజుల్లో ఇంకా ఎక్కువే. ముసురు పట్టిన రోజుల్లో మూడు నాలుగు రోజులు అనుకోండి. నెయ్యి పట్టించినది అంతకన్నా తక్కువ, ఎందుకంటే మెత్తబడకముందే వాసన మారుతుంది. అంతకు మించి కావాలంటే ఫ్రీజర్ ఉంది: సాదా పాప్‌కార్న్‌ను గట్టి జిప్ కవరులో మూసి పెడితే నెల దాటినా కరకరలాడుతుంది. నియమం గింజలకు చెప్పినదే, గది వేడికి వచ్చేదాకా కవరు విప్పకూడదు. ఫ్రిజ్ కింది అరల్లో మాత్రం వద్దు. పోపు వాసన, కొత్తిమీర వాసన అన్నీ పట్టుకుంటుంది.

డబ్బా బిగుతును ఎలా చూడాలి?

ఖాళీ డబ్బాకు మూత పెట్టి, బకెట్టు నీళ్లలో పూర్తిగా ముంచి నొక్కి పట్టుకోండి. మూత అంచు నుంచి బుడగలు వస్తే ఆ డబ్బా పాప్‌కార్న్‌కు పనికిరాదు, ఉల్లిపాయలకు వాడుకోండి. సీసాలకైతే మూతకూ అంచుకూ మధ్య కాగితం ముక్క పెట్టి బిగించి లాగండి. జారి వచ్చేస్తే మూత వదులు.

పాప్‌కార్న్ తాజాగా ఉందా?

ఒక్కటి తీసి రెండు వేళ్ల మధ్య నొక్కండి. తాజాది చిటుక్కుమని ముక్కలవుతుంది. చెమ్మ పట్టినది దూదిలా అణిగి, వేళ్లు తీయగానే మెల్లగా మళ్లీ ఉబ్బుతుంది. ఇది నోట్లో వేసుకుని చూడడం కన్నా నమ్మకమైన పరీక్ష, ఎందుకంటే ఉప్పు కారం రుచి నాలుకను మభ్యపెడుతుంది. వాసన కూడా చూడండి. మెత్తబడినదాన్ని బాగుచేయవచ్చు. కనరు వాసన వచ్చినదాన్ని బాగుచేయలేం.

మెత్తబడితే

అడుగు మందమైన బాణలిని సన్నని మంట మీద వేడిచేసి, నూనె వేయకుండా, రెండు గుప్పెళ్ల కన్నా ఎక్కువ పోయకుండా, చెక్క గరిటెతో మూడు నాలుగు నిమిషాలు తిప్పండి. వేడిగా ఉన్నప్పుడు ఇంకా మెత్తగానే అనిపిస్తుంది, చూసి కంగారుపడి మంట పెంచకండి. పళ్లెంలో పరచి రెండు నిమిషాలు ఆగాక నొక్కి చూడండి. ఓవెన్ ఉంటే 120 డిగ్రీల వద్ద ఒకే వరుసగా ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు. మైక్రోవేవ్‌లో పెట్టిచూస్తే చాలాసార్లు ఇంకా సాగుడు పడుతుంది, నా ఓటు దానికి లేదు. కారం, చీజ్ పొడి చల్లి ఉన్నది బాణలిలో మాడుతుంది, దానికి ఓవెనే దారి. సినిమాహాలు నుంచి మిగిలి వచ్చిన పాప్‌కార్న్‌కూ ఇదే వైద్యం, అయితే ఆ రాత్రికే.

ఒకసారి బాగుచేసిందాన్ని మళ్లీ డబ్బాలో దాచకండి. రెండోసారి మెత్తబడితే రుచి చప్పబడి, అట్టముక్క నమిలినట్టు ఉంటుంది.

బెల్లం పాకం పట్టినది

చిత్తూరు బెల్లం చేతికి అందేంత దూరంలో ఉంటే పాకం పట్టిన పాప్‌కార్న్ చేయాలనిపించడం సహజం. నిల్వ విషయంలో మాత్రం బెల్లం మొండిది. పంచదారకన్నా ఎక్కువగా చెమ్మను పిలుస్తుంది, అందుకే వానాకాలంలో బెల్లం గడ్డ తనంతట తానే చెమర్చుతుంది. డిసెంబరు దాకా పంచదార పాకం, సంక్రాంతి దాటాక బెల్లం అని పెట్టుకుంటే తలనొప్పి ఉండదు.

పాకం ముదురుగా ఉండాలి. చుక్కను చల్లటి నీళ్లలో వేసి, గట్టిపడినదాన్ని తీసి పళ్లేనికి కొడితే టంగుమనాలి. ఉండ కట్టే దశలోనే దింపేస్తే మర్నాటికి మొత్తం ఒకే ముద్ద. కలిపాక వేడిగా ఉండగానే విడివిడిగా పరచి, పూర్తిగా ఆరాక, వెన్న కాగితం మధ్య మధ్య వేస్తూ డబ్బాలో పేర్చండి. సాదాదానితో కలిపి ఒకే డబ్బాలో పెట్టకండి.

తెచ్చిన ప్యాకెట్టులు

మైక్రోవేవ్ ప్యాకెట్టులను పైన ఉన్న పల్చటి కవరు చింపకుండా, నీడలో, చల్లటి చోట ఉంచండి. ఆ కవరే లోపలి గింజ చెమ్మను కాపాడుతుంది. పెట్టె చిందరవందరగా ఉందని కవర్లు తీసేసి సర్దేవారు ఉన్నారు, ఆ తర్వాత సగం పేలడం లేదని బాధపడతారు. నూనె ఉప్పు కలిపి వచ్చే ప్యాకెట్టులను గడువు దాటాక వాడకండి. గింజ బాగున్నా అందులోని నూనె కనరెక్కుతుంది.

బండి పెట్టుకున్నవారికి

గాజు పెట్టెలో పైన వెలిగే బల్బు అలంకారమని చాలామంది అనుకుంటారు. ఆ వేడికి పెట్టెలో గాలి వెచ్చబడి, పొడిగా ఉంటుంది, పాప్‌కార్న్ కరకర నిలుస్తుంది. కరెంటు ఆదా అవుతుందని దాన్ని తీసి ఎల్‌ఈడీ బల్బు పెట్టారంటే వెలుతురు ఉంటుంది, వేడి ఉండదు. మార్చాలనుకుంటే అడుగున వేడి పలక ఉన్న పెట్టె తీసుకోండి. వాన పడే సాయంత్రాల్లో పెట్టె తలుపు వినియోగదారుడి వైపు కాకుండా మీ వైపు ఉండేలా చూసుకోండి. ముందే పొట్లాలు కట్టి వరుసగా నిలబెట్టడం చూపుకు బాగుంటుంది, కానీ కాగితపు పొట్లంలో వానరోజు పావుగంట కూడా నిలవదు. అడిగినప్పుడే నింపండి.

కొండకు తీసుకెళ్లేవారికి

తిరుమలలో ప్లాస్టిక్ నిషేధం ఉంది, అలిపిరి దగ్గర సామాను తనిఖీ చేస్తారు. జిప్ కవరు నమ్ముకుని బయలుదేరితే అక్కడే వదిలేయాల్సి రావచ్చు. రబ్బరు వలయం ఉన్న స్టీలు డబ్బా తీసుకోండి, ఉప్పు పొడిని చిన్న కాగితం పొట్లంలో విడిగా పెట్టుకోండి. చలికాలంలో కొండ మీద మంచు దిగుతుంది, గదిలో కూర్చున్నాకే డబ్బా తీయండి. మెట్లెక్కుతూ తినడానికి పాప్‌కార్న్ కన్నా వేయించిన వేరుశనగలు నయం, ఆయాసంలో పాప్‌కార్న్ పొట్టు గొంతులో పడుతుంది. నాలుగేళ్లలోపు పిల్లలకైతే కొండ మీదైనా ఇంట్లోనైనా పాప్‌కార్న్ పెట్టకూడదు, గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది.